బేట్‌కాస్టింగ్ రీల్ కొనే ముందు ఇది చూడండి: గట్టు మీద నుంచి గాలం వేసే కొత్తవాళ్ల కోసం

ఈరోజు చింతపల్లి నుంచి మాట్లాడుతున్నా. నా వెనక కనిపిస్తున్నది తాజంగి రిజర్వాయర్. మంచు ఇంకా విడలేదు, అందుకే వీడియో కొంచెం మసకగా ఉంటుంది, సర్దుకోండి.

చాలామంది అడుగుతున్నారు, "అన్నా, ఆ అమెరికా వీడియోల్లో బాస్ చేపలు పట్టే రీలు మనకి పనికొస్తుందా?" అని. బాస్ అనేది ఉత్తర అమెరికా చేప, మన దగ్గర ఉండదు. కానీ మనకి కొర్రమీను ఉంది కదా! అది కూడా నాచులో, తామరాకుల కింద నక్కి ఉండి, కప్ప కనిపిస్తే ఒక్కసారిగా మీదపడుతుంది. కాబట్టి రబ్బరు కప్ప వేసి నాచులోంచి లాగడానికి ఆ రీలు బాగా పనికొస్తుంది.

ముందు నా సంగతి చెప్తా. కాఫీ పళ్లు ఏరిన కూలి డబ్బులు దాచుకుని మొదటి రీలు కొన్నా. మొదటి విసురుకే దారం మొత్తం పిచ్చుక గూడులా చిక్కుపడింది. సగం దారం కోసి పారేశా. తప్పు రీలుది కాదు, నాదే.

ఎందుకలా అవుతుందంటే, మామూలు స్పిన్నింగ్ రీల్లో స్పూల్ కదలదు, దారం దాని మీంచి జారిపోతుంది. బేట్‌కాస్టింగ్‌లో స్పూలే తిరుగుతుంది. ఎర గాల్లో నెమ్మదించినా స్పూల్ అదే స్పీడుతో తిరిగితే దారం లోపలే వదులై చిక్కుపడుతుంది. దాన్ని ఆపేవి మూడు: టెన్షన్ నాబ్, బ్రేకు, మీ బొటనవేలు.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి.

ఒకటి, చెయ్యి. ఈ రీలు హ్యాండిల్ రెండో వైపుకి మార్చలేం. ఎడమ చేత్తో తిప్పుతారా, కుడి చేత్తోనా, ముందే తేల్చుకోండి.

రెండు, బ్రేకు. బయట డయల్ ఉన్న మాగ్నెటిక్ బ్రేకు కొత్తవాళ్లకి సులువు. మూత తీయకుండానే మార్చుకోవచ్చు.

మూడు, గేర్ రేషియో. 7:1 దగ్గర్లో ఉంటే చాలు. అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి స్పూల్ ఏడు చుట్లు.

నాలుగు, రాడ్. ఆరున్నర నుంచి ఏడు అడుగులు, మీడియం హెవీ. వెనక చెట్లుంటే పొట్టిదే మేలు. ఎంత బరువు ఎర వేయొచ్చో రాడ్ మీదే రాసుంటుంది, చూసుకోండి. 10 గ్రాముల కంటే తేలిక ఎరలతో నేర్చుకోవడం కష్టం. చిన్న ఎరలే వేస్తామంటే స్పిన్నింగ్ రీలే కొనుక్కోండి, డబ్బులు మిగుల్తాయి.

ఐదు, దారం. నేర్చుకునేటప్పుడు 12–15 పౌండ్ల నైలాన్. చౌక, చిక్కు తీయడం కూడా సులువు. చెయ్యి తిరిగాక నాచు కోసం 40–50 పౌండ్ల అల్లిక దారం. దాని కింద కొంచెం నైలాన్ చుట్టండి, లేకపోతే స్పూల్ మీద జారుతుంది. అల్లిక దారం చేతికి చుట్టుకుని లాగొద్దు, వేలు కోసేస్తుంది.

ఇంటికి తెచ్చాక నేరుగా నీళ్ల దగ్గరికి వెళ్లకండి. ఖాళీ కళ్లంలో కొక్కెం లేని బరువు కట్టండి. బటన్ నొక్కితే బరువు మెల్లగా దిగాలి, నేల తాకగానే స్పూల్ ఆగాలి. అలా అయ్యేదాకా నాబ్ బిగించండి. బ్రేకు ఎక్కువలో పెట్టి, సగం బలంతో విసరండి. బరువు నేల తాకే ముందే బొటనవేలితో స్పూల్ ఆపండి. దూరం గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. చిక్కు పడకపోతే రోజుకి కొంచెం బ్రేకు తగ్గించండి. ఎదురుగాలి ఉంటే మళ్లీ పెంచండి.

చివరిగా రెండు మాటలు. ఏ చెరువులో అయినా చేపల హక్కు ఎవరిదో ఊళ్లో అడిగి, ఒప్పుకుంటేనే గాలం వేయండి. నీళ్ల పైన ఎర్రగా చిన్న పిల్లల గుంపు కదులుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టే. అక్కడ కప్ప వేస్తే కోపంతో తప్పకుండా కొడతాయి. కానీ వాటిని పడితే పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి. అక్కడ రీలు చుట్టేసి పక్కకి నడవండి. వచ్చే ఏడు కూడా మనమే కదా ఇక్కడికి వచ్చేది!

సరే ఫ్రెండ్స్, గట్టు తడిగా ఉంటుంది, కాళ్లు జాగ్రత్త. మళ్లీ కలుద్దాం.