నదిలో పూడికతీత

నది నీటిని మాత్రమే తెచ్చునది కాదు. కొండలనుండియు పొలములనుండియు మట్టిని, ఇసుకను, ఒండ్రును కూడ మోసికొని వచ్చును. ప్రవాహము వడిగా నున్నంతవరకు ఈ బరువు నీటితోపాటు సాగిపోవును. వడి తగ్గినచోట అది అడుగునకు దిగును. ఇట్లు పేరుకొనిన మట్టినే మనము పూడిక అందుము.

మహబూబ్‌నగర్ జనులకు పూడిక క్రొత్త సంగతి కాదు. ఈ మెట్టప్రాంతమున చెరువే గ్రామమునకు ఆధారము. వేసవిలో చెరువు ఎండగానే అడుగునందలి ఒండ్రుమట్టిని త్రవ్వి, బండ్లకెత్తి, చల్కపొలములలో వెదజల్లుట మన రైతుల పూర్వాచారము. దానివలన చెరువులో నీటికి చోటు పెరుగును. ఎఱ్ఱని చల్కనేలకు తేమను నిలుపుకొను గుణము కలుగును. తెలంగాణ ప్రభుత్వము 2015లో ప్రారంభించిన మిషన్ కాకతీయ పథకములో ఈ పనియే పెద్దయెత్తున సాగినది.

చెరువునకు వచ్చిన చిక్కే నదులపై కట్టిన జలాశయములకును వచ్చుచున్నది. కృష్ణానది తంగిడి వద్ద పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రవేశించి, భీమానదిని కలుపుకొని జూరాలను చేరును. జూరాల జలాశయము మొదట 11.94 టీఎంసీల నీరు పట్టునట్లు నిర్మింపబడినది. పూడికవలన అది సుమారు 9.66 టీఎంసీలకు తగ్గినది. దిగువనున్న శ్రీశైలము మొదట 308 టీఎంసీలు పట్టెడిది. ఇప్పుడు పట్టునది సుమారు 215 మాత్రమే. ఒక టీఎంసీ యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఎంత నీటికి చోటు లేకపోయినదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

నదిలో పూడిక తీయుటకు మరియొక కారణము కూడ కలదు. అది ఓడల రాకపోకలు. నల్లగొండ జిల్లాలోని వజీరాబాదు మొదలు విజయవాడ వరకు గల 157 కిలోమీటర్ల కృష్ణాప్రవాహము 2008 నాటి చట్టముచే నాలుగవ జాతీయ జలమార్గములో చేర్పబడినది. 2016 నాటి చట్టము ఈ మార్గమును ఎగువకు, కర్ణాటకలోని గలగలి వరకు పొడిగించినది. ఆ విధముగా పాలమూరు సీమలోని కృష్ణయు చట్టరీత్యా జలమార్గమైనది. ఓడ అడుగు నేలకు తగులకుండునంత లోతు మార్గమంతటను ఉండవలెను. అందుకై డ్రెడ్జరు అను యంత్రపుటోడతో మొదట ఒక కాలువ త్రవ్వుదురు. వరదలు వచ్చినపుడెల్ల అది మరల పూడును, మరల తీయవలెను. మొదటిది క్రొత్త త్రవ్వకము. రెండవది నిర్వహణకై చేయు పూడికతీత.

అవసరమైన పనియే గదా, దీనికి నియమములెందుకని మీరు అడుగవచ్చును. ఎండిన చెరువులో మట్టి తీయుట వేరు. పారెడి నదిలో తీయుట వేరు. అడుగు కదలినపుడు నీరు బురదయగును. సూర్యరశ్మి లోపలికి చేరదు. బురద చేపల మొప్పలలో చేరును. గ్రుడ్లపై పేరుకొని వానిని చంపును. తొలకరి వరదలలో చేపలు గ్రుడ్లు పెట్టును గనుక, ఆ కాలమున త్రవ్వినచో జాలరుల జీవనమునకే దెబ్బ తగులును. ఇసుకను మితిమీరి తీసినచో నది మట్టము క్రుంగి, ఒడ్డునగల బావులలో నీరు దిగిపోవును. వంతెనల పునాదులు బయటపడును.

పూడికలో దాగియున్న విషము మరియొక భయము. హైదరాబాదు నగరపు మురుగును మోసికొని వచ్చు మూసీనది నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. మురుగునందలి మలినములు మట్టిరేణువులకు అంటుకొని అడుగున నిలిచియుండును. అట్టి మట్టిని కదల్చినచో అవి మరల నీటిలో చేరును. పొలములలో చల్లినచో పైరునకు సోకును. కావున త్రవ్వుటకు ముందు మట్టిని పరీక్షింపవలెను. తీసిన మట్టిని వాన మరల నదిలోనికి ఈడ్చుకొనిపోని చోట వేయవలెను.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 2006లో ఒక ప్రకటన వెలువడినది. దానికి 2009లో జరిగిన సవరణను బట్టి రేవులలోను, ఓడల కాలువలలోను క్రొత్తగా త్రవ్వుటకు ముందుగా పర్యావరణ అనుమతి పొందవలెను. నిర్వహణకై చేయు పూడికతీతకు ప్రత్యేకముగా అనుమతి అక్కరలేదు. అయితే ఆ పని మొదటి ప్రణాళికలోనే చేరి, అనుమతి పొందియుండవలెను. 2016 జనవరిలో వెలువడిన మరియొక సవరణ జలాశయములు, ఆనకట్టలు, నదులు, కాలువలలో సంరక్షణకై చేయు పూడికతీతకును మినహాయింపు నిచ్చినది.

ఈ మినహాయింపు న్యాయమైనదే. ఇంటిలో ఒకసారి ఊడ్చినపుడెల్ల అనుమతి కోరుమనుట తగదు. కాని ఊడ్చుటయను పేరుతో నేలనే త్రవ్వుకొనిపోవుట వేరు. ఇసుకకు ధర హెచ్చుగా నున్న ఈ కాలమున పూడికతీత పేరున ఇసుక వ్యాపారము సాగుటకు అవకాశము కలదు. అందుచేత మేరను గుర్తించుట ముఖ్యము. వరద తెచ్చి వేసిన మట్టిని తీయుట పూడికతీత. నది సహజమైన అడుగును దాటి త్రవ్వుట గనిత్రవ్వకము. దానికి వేరు అనుమతులు కావలెను. 2016లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములు నదిలో ఇసుకను మూడు మీటర్లకు మించి త్రవ్వరాదని నిర్దేశించినవి. నియమము తప్పినచో 2010 నాటి చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునలును బాధితులు ఆశ్రయింపవచ్చును.

విద్యార్థులారా! చట్టము కాగితముపై నుండును. నది మన కన్నుల యెదుట పారును. మీ యూరి వాగులోగాని, నదిలోగాని యంత్రములు దిగినపుడు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఎంత లోతు త్రవ్వుచున్నారు? ఏ కాలమున త్రవ్వుచున్నారు? తీసిన మట్టి ఎచ్చటికి పోవుచున్నది? ఈ మూడింటికి తగిన సమాధానము దొరకినచో అది నదికి చేయు సేవ. దొరకనిచో అది నదికి చేయు గాయము.