చెదరిన మేళము మరల గూడిన విధము

అరువదియేండ్లు దాటిన గిటారు విద్వాంసుడొకడు పొట్టి లాగును, బడిపిల్లవాని కోటును, టోపీయును ధరించి, వేదికపై గంతులిడుచు వాయించుట చూచినవారికి మొదట నవ్వు వచ్చును. ఆతడు ‘ఏసీ డీసీ’ యను రాక్ సంగీత మేళమునకు చెందిన ఆంగస్ యంగ్. ఆ వేషము ధరింపుమని యౌవనమున ఆతనికి సలహా యొసగినది అక్క మార్గరెట్. వార్ధక్యమునను ఆతడు దానిని విడువలేదు. అయితే 2020వ సంవత్సరమున ఈ మేళము వెలువరించిన ‘పవర్ అప్’ అను గీతసంపుటము వెనుకనున్న కథ నవ్వదగినది కాదు.

యంగ్ కుటుంబము స్కాట్లండులోని గ్లాస్గో నగరమునుండి 1963లో ఆస్ట్రేలియాకు వలసపోయెను. 1973లో సిడ్నీ నగరమున మాల్కం, ఆంగస్ అను సోదరులిద్దరును ఈ మేళమును స్థాపించిరి. ఒక కుట్టుయంత్రముపై కనుపించిన ‘ఏసీ డీసీ’ యను అక్షరములే దానికి పేరయ్యెను. విద్యుత్తు దిశను మార్చుకొనుచు ముందునకు వెనుకకు ప్రవహించినచో ఏసీ యనియు, ఒకే దిశగా ప్రవహించినచో డీసీ యనియు విజ్ఞానశాస్త్రమున చదువుచున్నాము గదా! తమ్ముడు మెరుపువలె పరుగులెత్తు స్వరములను వాయింపగా, అన్న వెనుక నిలిచి లయ తప్పనీయక వాయించెడివాడు. చూచువారి కన్నులు తమ్మునిపై నుండెడివి. మేళము నడక అన్న చేతిలో నుండెడిది.

తొలి గాయము 1980 ఫిబ్రవరిలో తగిలెను. గాయకుడగు బాన్ స్కాట్ లండనులో మరణించెను. బ్రయన్ జాన్సన్ అను ఇంగ్లండు గాయకుని చేర్చుకొని, ఆ జూలై నెలలోనే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అను సంపుటమును వెలువరించిరి. సంతాపసూచకముగా దాని అట్టను నల్లగా నుంచిరి.

రెండవమారు కష్టములు ఒకదానివెంట నొకటి వచ్చెను. జ్ఞాపకశక్తిని హరించు వ్యాధిచే మాల్కం 2014లో మేళమును విడువవలసివచ్చెను. మరియొక అన్న కుమారుడగు స్టీవీ ఆ స్థానమున నిలిచెను. డ్రమ్ములు వాయించు ఫిల్ రడ్ 2015లో న్యూజీలండు న్యాయస్థానమున శిక్ష పొంది మేళమునకు దూరమయ్యెను. 2016లో జాన్సన్ వినికిడి చెడి, సభలలో పాడుట మానెను. మిగిలిన సభలలో ఆక్సల్ రోజ్ పాడెను. ఆ సంవత్సరముననే బేస్ గిటారు వాయించు క్లిఫ్ విలియమ్స్ విరమించుకొనెను. 2017 అక్టోబరులో మరియొక అన్న జార్జియు, నవంబరు 18వ తేదీన మాల్కమును గతించిరి. పూర్వపువారిలో ఆంగస్ ఒక్కడే మిగిలెను.

చెవి యేల చెడును? లోచెవియందు నత్తగుల్లవలె చుట్టుకొనియున్న భాగమున సూక్ష్మరోమములు గల కణములున్నవి. ధ్వని సోకగానే ఆ రోమములు కదలును. ఆ కదలిక నాడిద్వారా మెదడునకు చేరును. మితిమీరిన ధ్వనికి ఆ కణములు నశించును. మనుష్యులలో అవి మరల పుట్టవు. 85 డెసిబెల్‌ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, 100 డెసిబెల్‌లైనచో 15 నిమిషములే మితి యనియు నిపుణులు చెప్పుదురు. రాక్ సభలలో ధ్వని తరచుగా ఇంతకు మించును. జాన్సన్ చెవులకు మోటారు పందెముల రొదయు హానిచేసెను. స్టీఫెన్ అంబ్రోజ్ అను ధ్వనినిపుణుడు చెవిలో నమర్చుకొను నూతన సాధనమును సిద్ధపరచి యీయగా, ఆతడు మరల మేళముతో పాడగలిగెను.

ఇక పాటల సంగతి. అన్నతో గూడి అనేక సంవత్సరములుగా కూర్చి దాచియుంచిన బాణీలను ఆంగస్ వెదకి తీసెను. 2018లో కెనడాలోని వాంకూవర్ నగరమున జాన్సన్, విలియమ్స్, రడ్, స్టీవీ నలువురును ఆతనితో గూడిరి. బ్రెండన్ ఒబ్రయన్ పర్యవేక్షణమున ధ్వనిముద్రణము జరిగెను. 2020 నవంబరు 13వ తేదీన సంపుటము వెలువడెను. అందలి 12 పాటలకును కర్తలుగా సోదరులిద్దరి పేర్లును ఉన్నవి. సంపుటము మాల్కమునకు అంకితము. ఆతని చేయి ఇందు వాయింపలేదు. ఆతని యూహ ప్రతి పాటయందును గలదు.

ఈ మేళము ఎల్లప్పుడును ఒకే తీరు పాటలు పాడునని ఆక్షేపించువారు గలరు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఈ సంపుటమునందును పూర్వపు ఉత్సాహమే గాని, దుఃఖమును వెళ్లబోసికొనుట మిక్కిలి అరుదు. కాని అన్న విడిచిన పనిని అన్న తీరుననే ముగించుటకంటె తమ్ముడు చేయదగిన సంస్మరణ మేమున్నది? ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా దేశములలో ఇది అమ్మకములందు ప్రథమస్థానము పొందెను. 2023 అక్టోబరులో జాన్సన్ కాలిఫోర్నియాలో మరల వేదిక నెక్కి పాడెను.

విద్యార్థులారా! పోయిన ప్రాణమును ఎవరును తేజాలరు. చెడిన చెవియు మునుపటివలె కాజాలదు. కావున చెవులను కాపాడుకొనుడు. తోబుట్టువులతో గూడి మొదలిడిన పని సగములో నిలిచినను పారవేయక దాచుడు. ఒకరు చేయలేని నాడు మరియొకరు దానిని ముగింపవచ్చును.