చామనచాయకు ఒక్క పెన్సిల్ చాలదు

కాగితంతో మనిషి బొమ్మ చేసేటప్పుడు బట్టలకూ నగలకూ రంగు ఎంచుకోవడం సులువే గాని, ముఖం దగ్గరికి వచ్చేసరికి ఏ పెన్సిల్ తీయాలో తోచక చాలామంది చెయ్యి ఆగిపోతుంది. 12 రంగుల పెట్టెలో ఉండే లేత గులాబి చాయను ‘ఒంటి రంగు’ అనుకొని ముఖమంతా పూయడం బడిపిల్లలకు అలవాటు. అయితే అనంతపురం పీఠభూమిలో శెనక్కాయ చేలల్లో పొద్దస్తమానం ఎండలో వంగి పనిచేసే మనిషి ఒంటికి ఆ రంగు ఉండదు గనుక, అలా తయారైన బొమ్మ ఆ ఊళ్లో ఎవరినీ పోలదు. తమ ముఖం తమ చేతి బొమ్మలో కనబడాలన్నది పిల్లల న్యాయమైన కోరిక. అది తీరాలంటే ఒంటి రంగు పెట్టెలో దొరికే ఒక పెన్సిల్ కాదనీ, కాగితం మీద పొరలు పొరలుగా కట్టుకోవలసిన రంగనీ ముందుగా గ్రహించాలి.

లేత గులాబినే ఒంటి రంగు అనుకొనే పొరపాటు ఒక్క ప్రాంతానిది కాదు. అమెరికాలోని క్రయోలా సంస్థ తన లేత గులాబి క్రేయాన్‌ను చాలాకాలం ‘ఫ్లెష్’, అంటే ఒంటి రంగు, అనే పేరుతోనే అమ్మి, 1962లో ఆ పేరును ‘పీచ్’గా మార్చింది, ప్రపంచంలోని నానా చాయలకు సరిపోయేలా 24 రంగుల ప్రత్యేకమైన పెట్టెను 2020లో తెచ్చింది. పేరు మారడానికీ, చాయలన్నీ ఒక పెట్టెలోకి చేరడానికీ మధ్య 58 ఏళ్లు గడిచాయి.

ఒంటి రంగు ఎలా ఏర్పడుతుంది

చర్మానికి రంగునిచ్చే పదార్థాల్లో ముఖ్యమైనది మెలనిన్. ఇది గోధుమ-నలుపు చాయలోనూ, పసుపు-ఎరుపు చాయలోనూ రెండు రకాలుగా ఉంటుంది. దాని కింద రక్తంలోని హీమోగ్లోబిన్ ఎర్రదనాన్నీ, కూరగాయల నుంచి ఒంట్లో చేరే కెరోటిన్ కొంత పసుపునూ కలుపుతాయి. అందువల్లనే ఒకే మనిషిలో నుదురు ఒక చాయలో, చెంప ఇంకొక చాయలో, అరచెయ్యి మరింత లేతగా కనిపిస్తాయి. ముఖమంతా ఒకే పెన్సిల్‌తో నింపిన బొమ్మ ప్రాణం లేనట్టు కనబడటానికి కారణం ఇదే.

పెన్సిల్ రంగుల్లో చామనచాయకు ఎక్కువగా పనికొచ్చేవి మట్టిరంగులు. ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు, జేగురు, బర్న్ట్ సియన్నా అనే కాల్చిన మట్టి ఎరుపు, అంబర్ అనే ముదురు గోధుమ రంగు, ఇవన్నీ మూలంలో ఇనుము ఆక్సైడ్ల నుంచి వచ్చినవి; అంబర్‌లో మాంగనీసు కూడా ఉంటుంది. పసుపుమట్టిని కాల్చితే అందులోని నీటి అంశం పోయి ఎర్రబడుతుంది. వానలు తక్కువైన ఈ పీఠభూమిలో ఎర్రనేలలకు ఎరుపునిచ్చేదీ ఆ ఇనుము ఆక్సైడే గనుక, ఇక్కడి మనిషి చాయకు కావలసిన రంగు ఇక్కడి నేలలోనే కనబడుతుందంటే అది ఉపమానం మాత్రమే కాదు. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో 16వ శతాబ్దంలో వెలసిన లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో నీలం దాదాపు కనబడదు. మట్టిరంగుల మీద నల్లని గీతలతో ఆకారాలను తీర్చిన తీరు మనిషి చాయకు మట్టిరంగులు పనికొస్తాయన్న మాటకు మంచి సాక్ష్యం.

వెలుగు ఎటునుంచి వస్తోంది

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు పొందిన ఊరు. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రోమాలు తీసి పలచగా గీకిన మేకతోలు వెలుగును తనగుండా పోనిస్తుంది కాబట్టి తెర వెనక దీపం పెట్టినప్పుడు బొమ్మ రంగులు మెరుస్తాయి. అందుకే అక్కడ పారదర్శకమైన రంగులే కావాలి, వెలుగును అడ్డుకునే మందపాటి పూత తెర మీద నల్లని నీడగా మాత్రమే పడుతుంది. కాగితపు పనివారికి ఇందులో ఒక పాఠముంది: దీపం బుడ్డిలా లోపల వెలుగు ఉంచే బొమ్మకు పెన్సిల్ పొరలు పలచగా వేయాలి, గోడకు అతికించి ముందునుంచి చూసే బొమ్మకైతే మందంగా వేయవచ్చు. తోలు తన లేత తేనెరంగును బొమ్మకు అరువిచ్చినట్టే, క్రాఫ్ట్ కాగితం వంటి గోధుమరంగు కాగితం తీసుకుంటే అదే చామనచాయకు పునాది అవుతుంది; అప్పుడు ముక్కు కొనమీద, నుదుటిమీద మెరుపుకు కొంచెం తెలుపు పెన్సిల్ వాడితే సరిపోతుంది.

పొరలు వేసే పద్ధతి

తెల్ల కాగితం మీద ముందుగా మట్టిపసుపును నెమ్మదిగా, ఒత్తిడి లేకుండా ముఖమంతా పరచాలి. దానిమీద జేగురు చాయను చెంపల మీద, చెవి చివర, పెదవుల దగ్గర కొంచెం ఎక్కువగా, మిగతా చోట తక్కువగా కలపాలి. ఆ తర్వాత ముదురు గోధుమను కనుబొమల కింద, ముక్కు పక్కన, గడ్డం అడుగున వేసి, నీడకు నలుపు బదులు ముదురు నీలంగాని ఊదాగాని సన్నగా పట్టించాలి. నలుపు నీడ ముఖాన్ని మసిబారినట్టు చేస్తుంది. శెనక్కాయ గింజ పైపొర, పాతబెల్లం, రాగిసంగటి, చింతపండు ఒక వరసలో పెట్టి చూస్తే ఈ చాయల తేడా కళ్లకు కడుతుంది. ముదురు చాయ ముఖానికి చింతపండు దగ్గరి చాయతో, పసిమిచాయ ముఖానికి లేత మట్టిపసుపుతో మొదలుపెట్టడం మంచిది.

పెన్సిల్ నాణ్యతనూ చూడాలి. రంగు పొడిని మైనంతోగాని, నూనెతోగాని బిగించి లోపలి కడ్డీ చేస్తారు. మైనం పెన్సిల్ మెత్తగా పట్టుకుంటుంది గాని, మందంగా వేస్తే కొన్నాళ్లకు పైన తెల్లని మసక తేలుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ నేలలో ఎండలో వదిలేస్తే మరింత మెత్తబడుతుంది. ఎండకు రంగు వెలిసిపోకుండా నిలిచే గుణాన్ని లైట్‌ఫాస్ట్‌నెస్ అంటారు. లేత గులాబి రంగులు తరచు త్వరగా పాలిపోతాయి, ఇనుము ఆక్సైడ్ రంగులు నిలబడతాయి, కాబట్టి కిటికీ పక్కన వేలాడదీసే బొమ్మకు రెండో రకమే ఎంచుకోవాలి.

కాగితపు పనికి మరికొన్ని జాగ్రత్తలు అవసరం. మైనం పూతమీద జిగురు సరిగా అంటుకోదు గనుక అతుకు ముక్కలకు రంగు వేయకూడదు. మడతమీద రంగు పగిలి తెల్లని గీత పడుతుంది కాబట్టి మడిచిన తర్వాత అదే పెన్సిల్‌తో ఆ గీతను మళ్లీ దిద్దాలి. కత్తిరించిన అంచు తెల్లగా మెరవకుండా అక్కడ కూడా రంగు అద్దాలి.

చివరగా, పెన్సిల్ కొనేముందు గాని, వాడేముందు గాని, బొమ్మకు వాడే కాగితం ముక్క మీదనే చాయలన్నీ వరసగా పూసి, ఆ పట్టీని ముంజేతి పక్కన పెట్టి నీడపట్టున పగటి వెలుగులో చూడాలి. పెట్టె మీద రాసిన పేరు ఏదైనా, ఆ చేతికి దగ్గరగా వచ్చే రంగుల కలయికే ఆ బొమ్మకు సరైన ఒంటి రంగు.