గట్టెక్కించే కారేది?

కారున్నవాళ్లకి ఒకటే కారు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం లోకంలోని కార్లన్నీ వాళ్లవే! బానెట్టు ఎత్తకుండానే ఇంజిను జాతకం చెబుతారు. చప్పుడు విని కంపెనీ పేరు చెబుతారు. ఇక అలాంటివాళ్లు ఇద్దరు ఒకచోట చేరారంటే...

‘మా అంబాసిడర్‌లో తొమ్మిదిమందిమి ఎక్కి ద్వారకా తిరుమల వెళ్లొచ్చాం, తెల్సా!’

‘ఎందుకు తెలీదు బాబాయ్, దార్లో సగంమంది దిగి తోశారటగా!’

‘నీ మారుతి కంటే నయంలేరా. దానికి గేదె అడ్డమొస్తే గేదె దులుపుకుని వెళ్లిపోద్ది, కారే షెడ్డుకి పోద్ది!’

ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య ఉంగుటూరు చుట్టుపక్కల టీకొట్టు దగ్గరో పెళ్లిపందిట్లోనో ఇలాంటి వాదన మొదలైతే ఓ పట్టాన తెగదు. తెగకపోవడానికి కారణం మనుషులు కాదు, రోడ్లు! ఇక్కడ కాసేపు ప్రయాణిస్తే చాలు, మూడు రకాల దార్లు తగుల్తాయి. ఒకటి పాత ఐదో నంబరు జాతీయ రహదారి. రెండోది భీమడోలు నుంచి ద్వారకా తిరుమలకు వెళ్లే మెట్టదారి. మూడోది గణపవరం, నిడమర్రు వైపు కాలువలూ చేపల చెరువుల పక్కనుంచి కొల్లేటి దాకా సాగే గట్లు. హైవే మీద గెలిచిన కారు గట్టుమీద ఓడిపోతుంది. గట్టు రాజు హైవే ఎక్కితే ఆపసోపాలు పడుతుంది. అందుకే ఇక్కడ ‘ఏ కారు మంచిది?’ అంటే ‘ఏ దారికి?’ అని ఎదురుప్రశ్న వేస్తారు అనుభవజ్ఞులు.

అంబాసిడరా... మజాకా!

ముందుగా పెద్దాయన గురించి. ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో 1950ల చివర్లో హిందుస్థాన్ మోటార్స్ మొదలుపెట్టింది అంబాసిడర్‌ను. పశ్చిమబెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే దాకా తయారైంది. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులున్నాయి దానికోసం. అభిమానులు చెప్పే సుగుణాలు అబద్ధాలేం కాదు. 15 అంగుళాల చక్రాలు గుంతల్ని లెక్కచేయవు. వెనక కమాను పట్టీలు బరువు మోస్తాయి. సోఫాలాంటి సీట్లు. ఏ ఊళ్లో ఆగిపోయినా అక్కడి మెకానిక్కుకి దాని గుట్టు తెలుసు. డీజిల్ మోడళ్లొచ్చాక టాక్సీవాళ్లకి మరింత దగ్గరైంది. 2013లో బ్రిటిష్ టీవీ కార్యక్రమం ‘టాప్ గేర్’ పోటీ పెట్టి ప్రపంచంలోకెల్లా మేటి టాక్సీగా దీన్నే ఎంచింది.

మరి లోపాలో? స్టీరింగ్ తిప్పాలంటే కండ కావాలి. పాత మోడళ్లకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఎండాకాలం వేడెక్కితే రేడియేటర్‌కు నీళ్లు పట్టాల్సిందే. అందుకే అంబాసిడర్ ఉన్నవాళ్లు భార్యాపిల్లల్ని మరిచిపోయినా నీళ్ల డబ్బాను మరిచిపోరని ప్రత్యర్థుల ఎకసెక్కెం.

ఆ ప్రత్యర్థి ఫియట్. 1974లో ప్రీమియర్ పద్మినిగా పేరు మారినా జనం నోట ఫియటే! 1089 సీసీ పెట్రోల్ ఇంజిను. స్టీరింగ్ పక్కనే గేరు. డ్రైవర్‌ను పెట్టుకోకుండా సొంతంగా నడుపుకునే డాక్టర్లూ లాయర్లూ ముచ్చటపడ్డారు. ఇరుకు సందుల్లో ఇట్టే తిరుగుతుంది. కాకపోతే తొమ్మిదిమందిని ఎక్కిస్తే మాత్రం మొరాయిస్తుంది. ముంబై రోడ్లమీద పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో వీడ్కోలు తీసుకున్నాయి.

ఈ ఇద్దరి పోట్లాటనీ తీర్చింది మూడో మనిషి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. బుల్లి 12 అంగుళాల చక్రాలు, మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిను. తాళం తిప్పితే చాలు, కదులుతుంది. తోయక్కర్లేదు, నీళ్ల డబ్బా అక్కర్లేదు! అంబాసిడర్‌తో పోలిస్తే బరువు దాదాపు సగం. అదే దాని బలం, అదే అభిమానులు కానివాళ్లకి వంక. ‘అగ్గిపెట్టె’ అంటూ వెక్కిరించినవాళ్లే తర్వాత కొనుక్కున్నారు. 2014 జనవరిలో దీని తయారీ కూడా ఆగిపోయింది. పెద్దాయనా చిన్నోడూ ఒకే ఏడాది సెలవు తీసుకున్నారన్నమాట.

గట్టుమీద పరీక్ష

అసలు పరీక్ష చెరువుగట్టు మీదే. వాన పడితే నల్లమట్టి చక్రానికి పట్టుకుని వదలదు. ఇక్కడ ముందు చక్రాలు లాగే కారా, వెనక చక్రాలు నెట్టే కారా అన్నది పెద్ద చర్చ. ఇద్దరి మాటలోనూ నిజముంది. ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజిను బరువు సరిగ్గా ఆ చక్రాల మీదే పడుతుంది. అందుకని ఖాళీగా ఉంటే బురదలోనూ పట్టు దొరుకుతుంది. అదే వెనకసీటు నిండా మనుషులూ డిక్కీ నిండా బస్తాలూ ఉంటే ముందుభాగం తేలికై చక్రాలు గిర్రున తిరుగుతాయి. వెనక చక్రాల బండి దీనికి రివర్సు. బరువెక్కేకొద్దీ పట్టు పెరుగుతుంది. మేత బస్తాలు మోసే రైతులు జీపులూ బొలేరోలూ వదలకపోవడానికి ఇదే కారణం. 2000లో వచ్చిన బొలేరో దుముకుతుంది, ఊగుతుంది, సుఖం తక్కువ. అయినా గట్టుమీద దానిదే రాజ్యం.

కొల్లేరు పొంగితే ఏలూరు-కైకలూరు రోడ్డు మీదకీ నీళ్లొస్తాయి. అప్పుడు పాత డీజిల్ బండికి మార్కులు పడతాయి. దానికి ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటరూ ఉండవు కాబట్టి తడిసినా ఆగదు. పాత పెట్రోల్ కార్లు ఆ తడికే మూలిగేవి. అయితే ఏ ఇంజినైనా గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు వెళ్తే అంతే సంగతులు. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం పిస్టన్‌ వల్ల కాదు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీళ్లలో ఆగిన కారుని మళ్లీ స్టార్ట్ చేయొద్దని మెకానిక్కులు మొత్తుకునేది అందుకే. షెడ్డుకి లాక్కెళ్లడమే మార్గం. ఇలా పాడైన ఇంజినుకి మామూలు బీమా వర్తించకపోవచ్చు. దానికి వేరే రక్షణ తీసుకోవాలి.

మైలేజీ దగ్గర మాత్రం అందరూ కాస్తో కూస్తో కోతలు కోస్తారు. నిజం తేలాలంటే ఒకటే దారి. ట్యాంకు నిండా కొట్టించి రీడింగు రాసుకోండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ నిండా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే సరి!

రేకు మందమా... ప్రాణమా?

పికప్పు, మైలేజీ, రీసేలు... అన్నీ అయ్యాక ఎవరో ఒకరు కారు తలుపుమీద వేళ్లతో ‘టకటక’ కొట్టి తీర్పు చెబుతారు. ‘పాత రేకండీ, ఇనుము. గుద్దినా ఏం కాదు’ అని. సరిగ్గా ఇక్కడే మన వాదన దారి తప్పుతోంది.

2009లో అమెరికాలో బీమా సంస్థల పరిశోధనా కేంద్రం ఒక ప్రయోగం చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ 2009 షెవర్లే మాలిబూనూ ఎదురెదురుగా గుద్దించింది. పాతకారు భారీగా, దిట్టంగా ఉంది. కానీ మనుషులు కూర్చునే భాగమే కుప్పకూలింది. లోపల నిజంగా మనిషి ఉంటే బతికేవాడు కాదు. కొత్తకారు ముందుభాగం నుజ్జునుజ్జయింది కానీ క్యాబిన్ నిలబడింది. డ్రైవర్ బొమ్మకి కాలిగాయంతో సరి. అంటే ముందుభాగం నలగడం లోపం కాదు, గుణం! ఆ దెబ్బను తాను తిని లోపలివాళ్లకి తగలకుండా చూస్తుంది.

అలాగని కొత్త కార్లన్నీ మేలని కూడా కాదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముతున్న అయిదు చిన్న కార్లను, ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్లతో పరీక్షిస్తే అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. ఆ తర్వాతే కదలిక వచ్చింది. 2018లో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. 2019 జులై నుంచి డ్రైవర్‌కూ, 2022 నుంచి పక్కసీటుకూ ఎయిర్‌బ్యాగు తప్పనిసరైంది. 2023 అక్టోబరు నుంచి మనకే సొంతంగా ‘భారత్ ఎన్‌క్యాప్’ పరీక్షలున్నాయి. షోరూమ్‌లో రంగు గురించి అడిగినట్టే ఎన్ని నక్షత్రాలని కూడా అడగొచ్చు. పెద్దవాళ్ల భద్రతకీ పిల్లల భద్రతకీ వేర్వేరుగా ఇస్తారు, రెండూ చూడాలి.

ఎంత గొప్ప కారైనా బెల్టు పెట్టుకుంటేనే పనిచేస్తుంది. 2022 సెప్టెంబరులో ప్రమాదానికి గురైన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణించింది ఖరీదైన బెంజ్ కారులో. వెనకసీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారని పోలీసులు చెప్పారు.

కాలువ పక్కన...

గోదావరి జిల్లాల్లో ఇంకో భయం ఉంది. రోడ్డు పక్కనే కాలువ. ఈ విషయంలో పాతకార్లకి ఒక మార్కు వేయాలి. కిటికీ అద్దాన్ని చేత్తో తిప్పి దించే పిడి ఉండేది. ఇప్పుడన్నీ బటన్లు. కారు నీళ్లలో పడగానే మునిగిపోదు. కాసేపు తేలుతుంది. ఇంజిను బరువుకి ముందుభాగం ముందు మునుగుతుంది. ఆ మొదటి నిమిషమే బంగారం. బటన్లు కూడా సాధారణంగా ఆ కాసేపూ పనిచేస్తాయి. ఫోను కోసం వెతకొద్దు, తలుపుతో కుస్తీ పట్టొద్దు... బయటి నీళ్లు దాన్ని నొక్కిపట్టి ఉంచుతాయి. బెల్టు తీసి, అద్దం దించి, ముందు పిల్లల్ని పంపించి, ఆపైన మనం బయటపడాలి. అద్దం దిగకపోతే పక్క అద్దం మూలన మొనదేలిన దాంతో కొట్టాలి. ముందు అద్దం పగిలి ఊడిరాదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి చేతికందేచోట ఉంచుకుంటే ఇంకా మంచిది.

అంబాసిడరా, మారుతీనా, బొలేరోనా అన్న వాదన సాగనివ్వండి, అందులో ఉన్న మజా ఎక్కడుంది! కాకపోతే ‘ఎంతిస్తుంది?’ అన్న ప్రశ్న పక్కన ‘ఏమైనా అయితే లోపలివాళ్లని ఎలా దించుతుంది?’ అన్న ప్రశ్న కూడా చేర్చండి. కొత్తకారు కొనగానే ద్వారకా తిరుమల తీసుకెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించడం మనకి ఆనవాయితీ. తిరుగు ప్రయాణంలో వెనకసీట్లో కూర్చున్న అమ్మమ్మకి బెల్టు పెట్టడం కూడా ఆనవాయితీ చేస్తే సరి!