ఇంటి కాఫీ – దాని పరిమళములు

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము ఇంటిలో కాచుకొను కాఫీ, దానికి మనము చేర్చుకొనదగిన పరిమళద్రవ్యములు. 35 ఏండ్లు బడిపిల్లలకు శబ్దమంజరియు ఛందస్సును చెప్పిన పంతులు కాఫీని గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని తెల్లవాఱగనే మన యిండ్లలో పొయ్యిమీది కెక్కునది కాఫీయే. ఇంటి వ్యయములో దానికి పాలున్నది. అతిథి మర్యాదలో పాలున్నది. వృద్ధుల నిద్రలోను, స్త్రీల రక్తపుష్టిలోను గూడ పాలున్నది. నిత్యము సేవించు వస్తువును తెలిసి సేవించుట మేలు.

నా నివాసము తిరుపతిలో అలిపిరికి సమీపమున. కొండకు కాలినడకను పోవువారు ఇచ్చటనే 3550 మెట్ల దారి నారంభింతురు. అందుచేత మా యింట బంధువులకును మిత్రులకును కొదువ లేదు. రాత్రి దిగి, తెల్లవాఱుజామున కాఫీ త్రాగి, మెట్లెక్కబోవుదురు. వేలూరు వైపునుండి వచ్చినవారికి చిక్కని డికాక్షను కావలెను. కోలారు వైపువారిలో పెద్దలు బెల్లము వేయుమందురు. గోదావరి చుట్టములకు పాలును పంచదారయు మిక్కిలిగా నుండవలెను. జలుబు చేసినవారు శొంఠి కాఫీ యడుగుదురు. తెలుగు, తమిళము, కన్నడము కలిసెడి యీ మూల నుండుటచే, కాఫీలోని భేదములు నాకు గ్రంథములలో కంటె వంటయింటిలోనే హెచ్చుగా తెలియవచ్చినవి. రుచు లెన్ని విధములైనను, పలువుర యిండ్లలో నొక పొరపాటు మాత్రము సామాన్యముగా కనుపించుచున్నది. అది కాఫీపొడిని పాలలోనో నీళ్లలోనో వేసి చాలసేపు తెరలగాచుట. అది యేల పొరపాటో, దానికి బదులు చేయవలసిన దేమో చెప్పుటయే నా ముఖ్యోద్దేశము.

ముందుగా కాఫీ పుట్టుపూర్వోత్తరములను కొంచెము చెప్పెదను. కాఫీచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమందలి ఇథియోపియా. అచ్చటినుండి ఎఱ్ఱసముద్రము దాటి యెమెను దేశమునకు వచ్చినది. ఆ దేశపు మోఖా రేవునుండి చిరకాలము కాఫీగింజలు ఇతర దేశములకు పోవుచుండెను. 17వ శతాబ్దమున బాబా బూదన్ అను ఫకీరు మక్కాయాత్ర చేసి తిరిగివచ్చుచు ఏడు గింజలను దాచి తెచ్చి, కన్నడ దేశమున చిక్కమగళూరు దగ్గఱ చంద్రద్రోణ పర్వతముపై నాటెనని ప్రతీతి. ఆ కొండలకు బాబాబూదన్ గిరులని పేరు నిలిచినది. మన రాష్ట్రమున కాఫీకి పేరుపడినది విశాఖ మన్యము. అరకులోయలో గిరిజనులు చెట్లనీడను మిరియపు తీగెలతో పాటు పెంచెడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు ముందే, 2017లో, పారిసు నగరమున అరకు పేర కాఫీ అంగడి వెలసినది. గుంటూరు జిల్లా దుగ్గిరాలలోను, మన తిరుపతి జిల్లా వరదయ్యపాళెము మండలములోను, నీళ్లలో వేసినతోడనే కరగిపోవు కాఫీపొడిని తయారుచేయు కర్మాగారములున్నవి. కావున దీనిని పరదేశపు వస్తువని త్రోసివేయ వీలులేదు.

గింజలలో ముఖ్యమైన జాతులు రెండు. అరబికాకు పరిమళ మెక్కువ. రోబస్టాకు చేదును చిక్కదనమును ఎక్కువ. ఉత్సాహము కలిగించు కెఫీను అను పదార్థము అందు దాదాపు రెట్టింపు. ఈ రెండింటిని కలిపి అమ్ముట వాడుక. ఏ జాతియైనను పచ్చిగింజకు మన మెఱిగిన కాఫీ వాసన లేదు. దానిని వేయించునపుడు వేడి 200 డిగ్రీలను దాటుసరికి, లోపలి చక్కెరలును మాంసకృత్తులును మార్పుచెంది, వందలకొలది సుగంధ పదార్థములు పుట్టును. ఇవి మిక్కిలి చంచలములు. వాసన యనగా గాలిలో కలియునదే కదా. మీ యింటి కాఫీ వాసన వీథిలోనికి గుమ్మని వచ్చుచున్నదన్నచో, అది గిన్నెను విడిచి పోవుచున్నదని యర్థము. వేయించిన గింజ కొన్ని వారములు వాసనను నిలుపుకొనును; పొడి చేసినచో కొలది దినములలోనే చప్పబడును. అందుచే గింజలు కొని, కాఫీమరలో ఏనాటి కానాడు విసరుకొనుట ఉత్తమము. అది కుదరనివారు వారమునకు సరిపడు పొడినే కొని, మూత బిగువైన డబ్బాలో నుంచవలెను. కాఫీపొడి ఇతర వస్తువుల వాసనను గూడ త్వరగా పట్టును. ఇంగువ డబ్బా ప్రక్క నుంచినచో మఱునాటి కాఫీలో ఇంగువ తెలియును. ఈ గుణమునే మన మనుకూలముగా నెట్లు వాడుకొనవచ్చునో ముందు చెప్పెదను.

ఓషధియందలి సారమును నీటిలోనికి దింపుటకు ఆయుర్వేదమున కొన్ని కల్పనములు చెప్పబడినవి. చరకసంహితలోను, శార్ఙ్గధరసంహితలోను అవి యున్నవి. వానిలో మూడు మనకిచట పనికివచ్చును. ద్రవ్యమును నీళ్లలో వేసి మంటపై మరిగించి దింపినది క్వాథము. కాగిన నీటిని ద్రవ్యముపై పోసి, కొంతసేపుంచి వడగట్టినది ఫాంటము. చన్నీటిలో రాత్రి నానవేసి ఉదయమున వడగట్టినది హిమము. ఆ గ్రంథకర్తలు కాఫీ నెఱుగరు. అయినను ఇంటిలో కాఫీ చేసికొను పద్ధతులు దాదాపుగా ఈ మూటిలో నిమిడిపోవును. ఏ ద్రవ్యమునకు ఏ కల్పనము తగునో యెఱుగుటయే యిందలి కీలకము. శొంఠి, ధనియాలు, మిరియాలు గట్టి ద్రవ్యములు. మరిగించినగాని సారము చక్కగా విడువవు. కాఫీగింజ వేగి, పొడియై, సారము విడుచుటకు సిద్ధముగా నున్నది. దానిని తెరలగాచినచో పరిమళము ఆవిరియై పోవును. చేదును వగరును మిక్కిలిగా దిగును. ఆ చేదును కప్పుటకు పంచదార కుమ్మరింపవలసి వచ్చును. తురుష్కులు పొడిని నీళ్లలోనే వేసి కాతురు గదా యని మీరడుగవచ్చును. వారును నురుగు పొంగగనే దింపుదురు గాని తెరలనీయరు.

మన ఫిల్టరు కాఫీ ఫాంటము. ఇత్తడితో గాని ఉక్కుతో గాని చేసిన ఆ రెండంతస్తుల పాత్రలో, పై గిన్నె యడుగున సన్నని రంధ్రములుండును. అందులో 3 పెద్ద చెంచాల పొడి వేసి, గొడుగువంటి బిళ్లతో తేలికగా అదిమి, ఒక చిన్న గ్లాసెడు నీరు పోయవలెను. నీరు తెరలిన పిదప పొయ్యినుండి దింపి, అరనిమిష మాగి పోసినచో వేడి సరిగా నుండును; అనగా 90 మొదలు 95 డిగ్రీల వఱకు. పొడిని గట్టిగా అదిమినచో నీరు దిగదు. అదుమకున్నచో జాఱిపోయి డికాక్షను పలుచనగును. పావుగంట, ఇరువది నిమిషములలో అడుగు గిన్నెలోనికి దిగును. దానిని మరల మంటపై పెట్టరాదు. చల్లాఱినచో ఆ గిన్నెను వేడినీళ్లలో నుంచవలెను. పాలను వేఱుగా పొంగనిచ్చి, అప్పటికప్పుడు కలిపి, గ్లాసునుండి డబరాలోనికి రెండుమాఱులు తిరుగబోసినచో నురుగు వచ్చును. వేడియు త్రాగుటకు కుదురును.

పొట్లములపై చికోరీ అను మాటను మీరు చూచియుందురు. అది ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడిచేసి కాఫీపొడిలో కలుపుదురు. నెపోలియను కాలమున ఐరోపాలో కాఫీ దిగుమతి కఱవైనపుడు ఫ్రెంచివారిలో ఈ వాడుక ప్రబలినది. చికోరీలో కెఫీను లేదు. చిక్కదనమును, నల్లని రంగును, కొంచెము తీపుతో కూడిన చేదును ఇచ్చును. వాడుటలో తప్పులేదు గాని, కాఫీ వెల యిచ్చి చికోరీ కొనుట తెలివి కాదు. మన దేశపు నియమము ననుసరించి ఇట్టి మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదు. దేని పాలెంతయో పొట్లముపై ముద్రింపవలెను. కండ్లద్దములు పెట్టుకొని ఆ యంకె చదివి కొనుడు.

ఇక పరిమళములు. ఫిల్టరు కాఫీకి ఏలకులును దాల్చినచెక్కయు తగును. రెండు ఏలక్కాయలను కొంచెము చిదిపి కాఫీపొడి డబ్బాలో వేసి మూడు దినములుంచినచో, పొడియే ఆ వాసనను పట్టుకొనును. ఇంగువ చేసిన చెఱుపును ఏలకులు మేలుగా చేయుచున్నవన్నమాట. త్వరగా కావలెనన్నచో ఒక కాయను నలియగొట్టి పొడితో పాటు ఫిల్టరులో వేయవచ్చును. నలుగురికి ఒక కాయ చాలును; మించినచో కాఫీ పాయసమువలె నుండును. అరబ్బులు అతిథికిచ్చు ఖహ్వాలో ఏలకులే ముఖ్యము. వారు చక్కెర వేయక, చిన్న గిన్నెలలో పోసి, ప్రక్కన ఖర్జూరములు పెట్టుదురు.

తీపునకు చిత్తూరు బెల్లము మనకు చేరువనే యున్నది. కాని పాలలో బెల్లము వేసి కాచినచో పలుమాఱు విఱిగిపోవును. బెల్లమందలి పులుపును లవణములును వేడితో కలిసి పాలను విఱుచును. కావున వేడి డికాక్షనులో బెల్లము కరగించి, వడగట్టి, పొయ్యినుండి దింపిన పాలను తుదకు పోయవలెను. మెక్సికో దేశమున మట్టికుండలో దాల్చినచెక్కయు, మన బెల్లమువంటి చెఱకుముద్దయు వేసి కాఫీ చేసికొందురు. ఎచ్చటి మెక్సికో, ఎచ్చటి చిత్తూరు! చెఱకు పండెడి చోట్ల నాలుకకు ఒకే రుచి తోచినది.

శొంఠి కాఫీ క్వాథము. తమిళుల వాడుక ననుసరించి మన ప్రాంతమున దీనిని సుక్కు కాఫీ యనియు నందురు. నలుగురికి శొంఠిపొడి ఒక చెంచా, ధనియాలు రెండు చెంచాలు, మిరియాలు ఐదాఱు, ఏలక్కాయ ఒకటి కావలెను. ధనియాలను మిరియములను దోరగా వేయించి, అన్నిటిని కలిపి కచ్చాపచ్చాగా దంచి, 4 గ్లాసుల నీళ్లలో వేసి 3 గ్లాసులగు వఱకు కాచి, బెల్లము గాని తాటిబెల్లము గాని చేర్చవలెను. దింపిన పిదప ఒక చెంచా కాఫీపొడి చల్లి, మూతపెట్టి, ఐదు నిమిషములు తేఱనిచ్చి వడగట్టవలెను. శొంఠికి క్వాథము, కాఫీకి ఫాంటము. దేని మర్యాద దానికి జరిగినది. దీనికి పాలక్కఱలేదు. శొంఠికి బదులు పచ్చి అల్లము వేసి పాలు కలుపదలచినవారు, అల్లమును ముందుగా నీళ్లలో బాగుగా మరిగింపవలెను. పచ్చి అల్లమునకు పాలను విఱుచు గుణమున్నది. మరిగించినచో నది నశించును. ఈ పానము జలుబులో గొంతునకు హాయి నిచ్చును. రోగమును కుదుర్చునని మాత్రము తలపరాదు. రాత్రివేళ కాఫీపొడి మానివేసి, ధనియాలను కొంచెము నల్లగా వేయించి చేసికొన్నచో, కాఫీ త్రాగిన తృప్తి కలుగును, నిద్ర చెడదు. యెమెనువారును ఎండిన కాఫీకాయల పొట్టును అల్లముతో కాచి త్రాగుదురు. దానిని కిషిర్ అందురు.

వేసవిలో తిరుపతి యెండ మీ రెఱిగినదే. అప్పుడు హిమము మంచిది. 4 పెద్ద చెంచాల ముతకపొడిని 2 గ్లాసుల మంచినీళ్లలో రాత్రి నానవేసి, మూతపెట్టి, ఉదయమున పలుచని గుడ్డతో రెండుమాఱులు వడగట్టవలెను. చేదును పులుపును తక్కువగా నుండును. చల్లని పాలును బెల్లపు పాకమును గాని, పాలకు బదులు లేత కొబ్బరినీళ్లను గాని కలుపవచ్చును. పట్టణపు అంగళ్లలో కోల్డ్ బ్రూ అను పేర హెచ్చు వెలకు అమ్మునది యిదియే. ఆ దినముననే త్రాగవలెను. మిగిలినచో ఫ్రిజ్జులో నుంచవలెను.

వనిల్లా, హేజెల్‌నట్ మొదలగు పేర్లతో పరిమళపు కాఫీపొడులును అంగళ్లలో దొరకుచున్నవి. వేయించిన గింజలకు సుగంధ తైలములు పట్టించి వానిలో పెక్కింటిని తయారుచేయుదురు. పిల్లలు ముచ్చటపడి త్రాగినచో త్రాగనిండు. కాని పాలపొడియు చక్కెరయు కలిపి యమ్మెడి చిన్న పొట్లములను మాత్రము పరీక్షింపవలెను. పొట్లముపై పదార్థముల పట్టికలో హెచ్చు పాలు గల వస్తువు మొదట ముద్రింపబడును. మొదట చక్కెర యని యున్నచో మీరు కొనునది ముఖ్యముగా చక్కెరయే. మధుమేహము గలవారు దీనిని తప్పక గమనింపవలెను. వారికి బెల్లమును చక్కెరతో సమానమే.

తుదకు మితమును గూర్చి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తయారుచేయగా 2024లో వెలువడిన ఆహార మార్గదర్శకములలో, దినమునకు కెఫీను 300 మిల్లీగ్రాములు మించరాదని యున్నది. 150 మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 మొదలు 120, కరగెడి పొడితో చేసినదానిలో 50 మొదలు 65 మిల్లీగ్రాములుండునని వారి లెక్క. అనగా చిక్కని కాఫీని దినమునకు రెండు గ్లాసులతో ఆపవలెను. వృద్ధులకు మఱియొక మాట. త్రాగిన కెఫీనులో సగము శరీరమును విడుచుటకు సుమారు 5 గంటలు పట్టును. సాయంకాలము 6 గంటలకు త్రాగిన దానిలో సగము రాత్రి 11 గంటలకు మిగిలియే యుండును. నిద్రకు మందు లడుగుటకు ముందు, మధ్యాహ్నము 3 గంటల తరువాత కాఫీ మాని ధనియాల పానము త్రాగి చూడుడు.

భోజనమునకు గంట ముందును, గంట తరువాతను కాఫీ, టీలు వలదనియు ఆ మార్గదర్శకములలో నున్నది. అందలి వగరు పదార్థములు ఆహారమందలి యినుము రక్తమునకు చేరకుండ అడ్డుపడును. మన పల్లెలలో రక్తహీనతచే బాధపడు స్త్రీలును, ఎదుగు ఆడపిల్లలును ఎందఱో కలరు. ఇంటిల్లిపాదికి వడ్డించి, తాము చివర రెండు ముద్దలు తిని, వెంటనే కాఫీతో కడుపు నింపుకొను ఇల్లాండ్రను మీ యిండ్లలోనే చూచియుందురు. తిన్న ఆకుకూర సారము కొంత ఆ కాఫీతో వ్యర్థమగుచున్నది. ఇంటి పెద్దలు పూనుకొని ఆ కాఫీని గంట తరువాతికి జరిపింపవలెను. అంతకంటె ముందు, వారు కడుపునిండ తినునట్లు చూడవలెను. గర్భిణులు వైద్యు నడిగి కాఫీని ఇంకను తగ్గింపవలెను.

ఫిల్టరు లేనివారు విచారింప నక్కఱలేదు. రేపటి యుదయమున ఒక గిన్నెలో పొడి వేసి, కాగిన నీళ్లు పోసి, మూతపెట్టి, ఐదు నిమిషములు తేఱనిచ్చి గుడ్డతో వడగట్టుడు. పాలను వేఱుగా కాచి కలుపుడు. పంచదార ఎప్పటికంటె అరచెంచా తక్కువ వేసి, మొదటి గ్లాసును మీ యింటి యిల్లాలికి ఇచ్చి చూడుడు. ఆమె మెచ్చినచో, ఆ పిదప ఏలకులు, శొంఠి సంగతి ఆలోచింపవచ్చును. సెలవు.