నర్సింగ్ సీట్లు సరే, చేతికి పని వచ్చేదెలా?

న్యూఢిల్లీ: దేశంలో నర్సుల కొరతను తీర్చేందుకు కొత్త కళాశాలలు నెలకొల్పాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన నేపథ్యంలో, వాటిలో చేరే విద్యార్థులకు తొలి సంవత్సరంలో అందే ప్రాథమిక శిక్షణకు మరింత ప్రాధాన్యం ఏర్పడింది. చేతులు కడగడం, పడక పరచడం, నాడి చూడడం, కదలలేని రోగిని పక్కకు తిప్పడం వంటి పనులు చూడడానికి చిన్నవే. అయితే రోగి ప్రాణం, ఒక్కోసారి నర్సు ప్రాణం సైతం, ఈ చిన్న పనులపైనే ఆధారపడి ఉంటుంది. పుస్తకం చదివి పరీక్ష రాసినంత మాత్రాన ఇవి అలవడవు. రోగి పక్కన, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పదేపదే చేసినప్పుడే చేతికి పట్టుబడతాయి.

2014 తర్వాత ఏర్పడిన వైద్య కళాశాలలకు అనుబంధంగా 157 నర్సింగ్ కళాశాలలు స్థాపించేందుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. ఇందుకు 1,570 కోట్ల రూపాయలు కేటాయించింది. వీటి ద్వారా ఏటా సుమారు 15,700 మంది పట్టభద్రులు అదనంగా బయటకు వస్తారని అంచనా వేసింది. అంటే ఒక్కో కళాశాలకు 10 కోట్ల రూపాయలు, వంద మంది విద్యార్థులు అన్నమాట. 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది కూడా అదే సంవత్సరంలో.

దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది సంఖ్య 33 లక్షలు దాటిందని, ప్రతి వెయ్యి మంది జనాభాకు 1.96 మంది నర్సులు ఉన్నారని కేంద్రం 2022-23 ప్రాంతంలో లెక్క చెప్పింది. వెయ్యి మందికి ముగ్గురు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరిట సాధారణంగా ఉదహరించే ప్రమాణం. పైగా, నమోదైన వారందరూ ఉద్యోగంలో ఉన్నట్లు భావించడానికి వీలులేదు. విదేశాలకు వెళ్లినవారు, వృత్తిని విడిచిపెట్టినవారు కూడా ఈ లెక్కలో ఉంటారు. అందువల్ల సీట్ల పెంపు అవసరమనడంలో సందేహం లేదు. పెరిగే సీట్లలో చేరినవారికి పని నేర్పేదెవరు, ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న.

పాఠం కంటే పనికే ఎక్కువ గంటలు

ప్రస్తుతం ఏఎన్ఎం శిక్షణ రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు సాగుతుంది. బీఎస్సీ పాఠ్యప్రణాళికను 2021లో సెమిస్టర్ పద్ధతికి మార్చారు. తొలి రెండు సెమిస్టర్లలోనూ ‘నర్సింగ్ ఫౌండేషన్స్’ ప్రధాన విషయంగా ఉంటుంది. ప్రథమ చికిత్స, రోగి ఆరోగ్య స్థితిని పరిశీలించే విధానం ఇందులో భాగాలే.

ఈ ప్రణాళికలో గంటల లెక్క గమనించదగినది. వారానికి ఒక గంట పాఠాన్ని ఒక క్రెడిట్‌గా పరిగణిస్తే, ప్రయోగశాలలో రెండు గంటలు, ఆస్పత్రిలో నాలుగు గంటలు చేస్తేగాని ఒక క్రెడిట్ లభించదు. ఆ ప్రకారం తొలి ఏడాది నర్సింగ్ ఫౌండేషన్స్‌కు తరగతి గదిలో 240 గంటలు, నైపుణ్య ప్రయోగశాలలో 200 గంటలు, ఆస్పత్రి వార్డుల్లో 480 గంటలు నిర్దేశించారు. ముందు బొమ్మలపై నేర్చుకోవాలి, ఆ తర్వాతే మనిషిని తాకాలి అన్నది ఈ క్రమంలోని ఉద్దేశం.

మొదటి పాఠం చేతులదే

నర్సింగ్ శిక్షణలో తొలి పాఠాల్లో ఒకటి చేతులు కడుక్కోవడం. ఇంటి వద్ద చిన్ననాటి నుంచి చేస్తున్న పనే గదా అని కొత్త విద్యార్థులకు అనిపించడం సహజం. కానీ దీని వెనుక పెద్ద చరిత్ర ఉంది. 1847లో వియన్నా నగరంలోని ప్రసూతి వార్డులో బాలింతలు జ్వరంతో పెద్ద సంఖ్యలో మరణిస్తుండగా, శవపరీక్షలు చేసి వచ్చిన వైద్యులు అదే చేతులతో కాన్పులు చేయడమే కారణమని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు గుర్తించాడు. క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోవాలని నిబంధన విధించిన కొద్ది నెలల్లోనే మరణాలు బాగా తగ్గాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ఐదు సందర్భాల్లో చేతులు శుభ్రం చేసుకోవడం తప్పనిసరి. రోగిని తాకే ముందు, కట్టు కట్టడం, సూది వేయడం వంటి పనులకు ముందు, రక్తం లేదా ఇతర శరీర ద్రవాలు అంటే అవకాశం ఉన్న పని పూర్తి కాగానే, రోగిని తాకిన తర్వాత, రోగి మంచాన్నీ పరిసరాలనూ తాకిన తర్వాత. సబ్బు, నీటితో అయితే మొత్తం ప్రక్రియకు 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రావణంతో అయితే 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. అరచేతులు, చేతుల వెనుక భాగం, వేళ్ల సందులు, బొటనవేళ్లు, వేళ్ల చివరలు వరుసగా రుద్దాలి. తొందరలో బొటనవేళ్లను, వేళ్ల చివరలను వదిలివేయడం తరచూ జరిగే పొరపాటు. గ్లౌజులు వేసుకున్నామన్న ధీమాతో చేతులు కడగకపోవడం మరొక పొరపాటు. గ్లౌజులు తీసివేసిన వెంటనే కూడా చేతులు కడగవలసిందే.

ఈ జాగ్రత్తలు లోపించినా, వ్యాధి ఏమిటో తెలియక ముందే రోగి వార్డుకు చేరినా ఎంతటి ముప్పు వాటిల్లుతుందో మన దేశంలోనే నిదర్శనాలున్నాయి. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో నిపా వైరస్ వ్యాపించినప్పుడు, వ్యాధి సోకిన వారిలో దాదాపు మూడొంతుల మంది ఆస్పత్రి సిబ్బంది, రోగులను చూడవచ్చినవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. 2018 మే నెలలో కేరళలో అదే వ్యాధి తలెత్తినప్పుడు, కోజికోడ్ జిల్లా పెరంబ్ర తాలూకా ఆస్పత్రిలో రోగికి సేవ చేసిన నర్సు లినీ పుతుస్సేరి ఆ వ్యాధికే బలయ్యారు.

దుప్పటి ముడత, పడకపుండు

పడక పరచడం రెండవ పాఠం. దుప్పటిని మంచం మూలల వద్ద బిగువుగా మడచి పరుపు కిందకు దోపడం, ముడతలు లేకుండా లాగడం విద్యార్థులతో పలుమార్లు చేయిస్తారు. ఇది వార్డు అందంగా కనిపించడానికి చేసే పని కాదు. కదలలేని రోగి ఒంటి కింద ముడత పడిన దుప్పటి చర్మాన్ని ఒరుస్తుంది. తడి తోడైతే ఆ చోట చర్మం త్వరగా దెబ్బతింటుంది. నడుము కింది భాగం, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం వంటి ఎముక పైకి తేలిన చోట్ల ఒత్తిడి వల్ల రక్తప్రసరణ తగ్గి పడకపుండ్లు ఏర్పడతాయి. అందుకే కదలలేని రోగిని సాధారణంగా రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పాలని నేర్పుతారు. తిప్పిన ప్రతిసారీ చర్మం ఎర్రబడిందా అని చూడాలి.

రోగి లేవలేని స్థితిలో ఉంటే, పడకపై ఉండగానే దుప్పటి మార్చాలి. రోగిని ఒక పక్కకు ఒత్తిగిలించి, పాత దుప్పటిని వీపు వరకు చుట్టి, కొత్తదాన్ని సగం వరకు పరచి, తర్వాత రెండో పక్కకు తిప్పి మిగతా సగం పూర్తి చేస్తారు. మాసిన దుప్పటిని దులపరాదు. దులిపితే సూక్ష్మక్రిములు గాలిలో కలుస్తాయి. నేలపై పడవేయరాదు, సొంత దుస్తులకు ఆనించుకోరాదు. రోగిని ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి, బరువును తొడలపై మోపుకోవాలి. ఈ అలవాటు తొలి ఏడాదిలోనే పడకపోతే నడుము నొప్పి వృత్తి జీవితమంతా వెన్నాడే ప్రమాదం ఉంది.

ఒళ్లు తుడవడం వంటి పనుల్లో మర్యాద పాఠం కూడా ఇమిడి ఉంది. తెర వేయడం, చేయబోయే పనిని రోగికి ముందుగా చెప్పడం, తుడిచే భాగాన్ని తప్ప మిగతా శరీరాన్ని కప్పి ఉంచడం ఆ పనిలో అంతర్భాగాలే. వీటికి మార్కులు లేకపోతే విద్యార్థి మరచిపోవచ్చు గాని రోగి మరచిపోడు.

చూడనిది రాయరాదు

నాడి, శ్వాస, ఉష్ణోగ్రత, రక్తపోటు చూడడం ప్రతి నర్సుకూ నిత్యకృత్యం. నాడిని మణికట్టు వద్ద వేళ్ల కొనలతో చూడాలి. బొటనవేలిలో సొంత నాడి కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి దాన్ని వాడితే లెక్క తప్పవచ్చు. పెద్దవారిలో నిమిషానికి 60 నుంచి 100 వరకు సాధారణం. లయ తప్పినట్లు తోస్తే నిమిషం నిండా లెక్కించాలి. శ్వాసను లెక్కించే సంగతి మాత్రం రోగికి ముందుగా చెప్పరు. చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూడడం ముగిసినా మణికట్టును వదలకుండా, ఛాతీ కదలికను గమనిస్తూ లెక్కపెట్టడం పాత కాలం నుంచి వస్తున్న పద్ధతి. పెద్దవారిలో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉంటుంది.

స్టెతస్కోపుతో రక్తపోటు చూసే విధానాన్ని రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్‌కోఫ్ 1905లో కనుగొన్నాడు. రోగి కొద్ది నిమిషాలు స్థిమితంగా కూర్చున్న తర్వాత, చేయి గుండె ఎత్తున ఉండేట్లు చూసి, చేతికి తగిన వెడల్పు గల పట్టీ చుట్టాలి. గాలిని నెమ్మదిగా వదులుతూ శబ్దం మొదలైన చోట పై అంకెను, ఆగిపోయిన చోట కింది అంకెను గుర్తించాలి. సన్నని చేతికి వెడల్పు పట్టీ చుట్టితే అంకె తగ్గి కనిపిస్తుంది. లావు చేతికి ఇరుకు పట్టీ చుట్టితే లేని రక్తపోటు ఉన్నట్లు తేలుతుంది.

తొలి రోజుల్లో ఆ శబ్దం వినిపించక విద్యార్థులు తికమకపడడం మామూలే. అటువంటప్పుడు మళ్లీ చూడడం, అప్పటికీ తెలియకపోతే సీనియరును పిలవడం సరైన పని. ఉదయం డ్యూటీ వారు రాసిన అంకెనే కాస్త అటూ ఇటూ మార్చి చార్టులో నింపడం ప్రమాదకరం. ఆ చార్టును చూసే వైద్యుడు మందు పెంచడమో తగ్గించడమో చేస్తాడు. చూడనిది రాయరాదన్నది, చూసినది వెంటనే రాయాలన్నది అందుకే ప్రాథమిక నియమాలయ్యాయి.

మందు ఇచ్చేటప్పుడు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదు అంశాలు సరిచూసుకోవాలి. ‘మీరు ఫలానా లక్ష్మిగారేనా?’ అని అడగడం సరికాదు. మగతలోనో భయంలోనో ఉన్న రోగి దేనికైనా ‘అవును’ అనవచ్చు. పేరు రోగి నోటనే చెప్పించాలి. ఒకే పేరుగల ఇద్దరు ఒకే వార్డులో ఉండడం అరుదేమీ కాదు కాబట్టి, కేసు షీటుతోనూ పోల్చి చూడాలి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టరాదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, సెలైన్ గొట్టాలు, సూది తీసిన సిరంజీలు ఎర్ర సంచిలోకి, గాజు సామగ్రి నీలి డబ్బాలోకి చేరాలి.

భాష కూడా నైపుణ్యమే

బీఎస్సీ నర్సింగ్ బోధన ఆంగ్లంలో సాగుతుంది, రోగి మాత్రం తన భాషలో బాధ చెప్పుకుంటాడు. తెలుగు ప్రాంతాల ఆస్పత్రుల్లో ‘కడుపులో తిప్పుతోంది’, ‘గుండె దడగా ఉంది’, ‘కళ్లు తిరుగుతున్నాయి’, ‘తిమ్మిరెక్కింది’ అనే మాటల్లో ఏది ఏ లక్షణమో విద్యార్థి గ్రహించి ఆంగ్లంలో నమోదు చేయాలి. ‘కళ్లు తిరగడం’ అన్న మాటను చూపు లోపంగా రాస్తే చికిత్స దారి తప్పుతుంది. ఈ తర్జుమా ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు, వార్డులోనే నేర్చుకోవాలి.

పడకలు, గురువులు ఎక్కడ?

దేశంలో నర్సింగ్‌లో పట్టభద్ర విద్య 1946లో ఢిల్లీ, వెల్లూరులలో ప్రారంభమైంది. ఢిల్లీ కళాశాల ఆ తర్వాత రాజకుమారి అమృత్ కౌర్ పేరును సంతరించుకోగా, వెల్లూరులో క్రైస్తవ వైద్య కళాశాల ఈ కోర్సును చేపట్టింది. విద్యార్థి ఆస్పత్రిలోనే పెరగాలన్న భావన నాటి నుంచీ ఉంది. పది మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు అన్నది నర్సింగ్ మండలి నిర్దేశించిన ప్రమాణం. దీని ప్రకారం 60 మంది గల తరగతికి ఆరుగురు ఉపాధ్యాయులు, 180 మంది రోగులు కావాలి.

ఈ లెక్క కాగితంపై సరిపోయినా చాలదు. పడకలు ఖాళీగా ఉన్న ఆస్పత్రిలో విద్యార్థికి నేర్చుకునే అవకాశం ఉండదు. పలు కళాశాలల విద్యార్థులను ఒకే ఆస్పత్రికి ఒకే సమయంలో పంపితే ఒక్కో మంచం చుట్టూ పదిమంది నిలబడి చూడడమే తప్ప చేయి పెట్టే అదను రాదు. ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పరిస్థితీ ఉంది. సిబ్బంది చాలని చోట విద్యార్థులనే పనివారిగా వాడుకుంటే, సరిదిద్దేవారు లేక తప్పుడు పద్ధతే అలవాటుగా స్థిరపడుతుంది. ఈ రెంటిలో ఏది జరిగినా చివరకు నష్టపోయేది రోగి.

శిక్షణ బొమ్మలు ఈ లోటును కొంతవరకే తీర్చగలవు. సూది ఏ కోణంలో గుచ్చాలో, గుండె ఆగినప్పుడు ఛాతీపై ఎంత బలంగా నొక్కాలో బొమ్మపై నేర్వవచ్చు. కానీ బొమ్మ నొప్పికి ముడుచుకోదు, భయపడదు, సిగ్గుపడదు.

ఉద్యోగ విపణి కూడా చేతి పనినే అడుగుతోంది. బ్రిటన్‌లో నమోదు కోరే విదేశీ నర్సులు కంప్యూటర్ పరీక్షతో పాటు, పరిశీలకుల ఎదుట పనులు చేసి చూపే ప్రాయోగిక పరీక్షలోనూ ఉత్తీర్ణులు కావాలి. రోగి పేరు నిర్ధారించుకోవడం, చేతులు శుభ్రం చేసుకోవడం వంటి అంశాలను అక్కడ పరిశీలిస్తారు. భారతదేశంలో 2021 నాటి పాఠ్యప్రణాళిక కూడా ఈ తరహా పరీక్షకు చోటు కల్పించింది.

మంత్రివర్గం ఆమోదించిన 157 కళాశాలలను నడుస్తున్న వైద్య కళాశాలల పక్కనే నెలకొల్పాలనడంలో మేలు ఉంది. ఆస్పత్రి, రోగులు, ప్రయోగశాలలు అందుబాటులో ఉంటాయి. అయితే ఆ వార్డుల్లో విద్యార్థి పక్కన నిలబడి చేయి పట్టి నేర్పే ఉపాధ్యాయుల నియామకం భవనాలతో సమానంగా సాగకపోతే, ఏటా పెరిగే 15,700 మందికి పట్టాలు దక్కుతాయి గాని పని దక్కదు. సీట్ల లెక్కతో పాటు ఉపాధ్యాయుల లెక్క, రోగులున్న పడకల లెక్క కూడా ఏటేటా కళాశాలవారీగా ప్రకటిస్తే, ఏ కళాశాలలో చేరాలో నిర్ణయించుకోవడం తల్లిదండ్రులకూ విద్యార్థులకూ సులభమవుతుంది.