తెల్లవాఱులోపల: పంటిపోటును గూర్చిన అపోహలు, వాస్తవములు

పగలంతయు ఒక మూల నక్కియుండి, దీపమార్పి పండుకొనగనే తలయెత్తి, దవడనుండి చెవికి, చెవినుండి కణతకు ప్రాకి, తెల్లవాఱువఱకు మనుష్యుని గదిలో అటునిటు త్రిప్పెడి బాధ పంటిపోటు. ఆ వేళకు దంతవైద్యుడు దొరకడు. ఇంటి పెద్దలును, పొరుగింటి హితులును, వీథిమొగనున్న మందులకొట్టువాడును దొరకుదురు. వారందఱును ప్రేమతోనే సలహా చెప్పుదురు. అందులో కొన్ని మేలు చేయును, కొన్ని నిష్ఫలములు, కొన్ని మాత్రము పంటితో పోవలసిన రోగమును ప్రాణముమీదికి తెచ్చును. ఏది ఏ కోవలోనిదో ఆ బాధలో కూర్చుండి విచారించుట ఎవరికిని సాధ్యము కాదు గనుక, నొప్పి లేనినాడే విచారించి యుంచుకొనుట మంచిదని నా తలంపు.

"రాత్రయితే పంటిలో పురుగు కదులుతుందిరా" అని మా అమ్మమ్మ చెప్పుచుండెడిది. ఆమె నమ్మకము ఆమె ఒక్కతెది కాదు. పురాతన బాబిలోనియావాసులు దంతకృమిని నమ్మిరి. మన సుశ్రుతసంహితలోని దంతరోగములలో కృమిదంతకమను పేరు కలదు. వాకుడు గింజలను నిప్పులపై వేసి ఆ పొగను నోటికి పట్టించి, పురుగులు రాలినవని చూపు వైద్యము మన పల్లెలలో చిరకాలము సాగినది. ఐనను రాలినట్లు చూపిన ఆ పురుగు పంటిలోనుండి వచ్చినది కాదు. ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫోషార్ 1728లో ప్రకటించిన తన గ్రంథమున ఈ కృమివాదమును త్రోసిపుచ్చెను. 1890లో డబ్ల్యు. డి. మిల్లర్ అను పండితుడు నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థములను, చక్కెరను పులియబెట్టి ఆమ్లమును పుట్టించుననియు, ఆ ఆమ్లమే పంటిని కరగించుననియు వివరించెను. పిప్పిపంటిలో కదలునది ఏదియు లేదు, కరగునది పన్నే.

మఱి రాత్రియే పోటు హెచ్చుట యేల? పంటిపైనుండు పింగాణివంటి పొర మన దేహములోని సమస్త పదార్థములకంటెను గట్టిది. దాని లోపల దంతధాతువు, దానికిని లోపల రక్తనాళములతోడను నరములతోడను కూడిన మెత్తని గుజ్జు ఉండును. శరీరమున మఱియెచ్చట వాపు పుట్టినను ఉబ్బుటకు కొంత చోటుండును. ఈ గుజ్జునకో నలువైపులను గోడలే. వాచిన గుజ్జు ఆ గోడలమధ్య నలిగి, నాడికొట్టుకొన్నప్పుడెల్ల పోటు పొడుచును. పండుకొన్నపుడు తలవైపునకు రక్తపు ఒత్తిడి మఱికొంత హెచ్చును. కావున రెండు మూడు తలగడలు పేర్చుకొని, తల ఎత్తున నుంచి, వాలియు వాలనట్లుగా పరుండుట పైసాఖర్చులేని ఉపశమనము. కారణము తెలిసినవాడు పురుగును వెదకడు, తలగడను వెదకును.

పంటిలో వేయు వస్తువుల సంగతి కొంచెము నిదానించి చెప్పవలసియున్నది, ఏలయన ఇచ్చటనే అపకారము మెండు. "జిల్లేడుపాలు ఒక్క చుక్క వేస్తే పన్ను దానంతట అదే ఊడిపోతుంది" అందురు. ఆ పాలు పంటిని ఊడ్చునను ఆశతో పొరుగు చిగురును, నాలుకను, పెదవిని దహింపజేసికొందురు. అదే చేయి కంటికి తగిలినచో నల్లగ్రుడ్డు వాచి చూపు మసకబాఱును. కిరసనాయిలు పుక్కిలించువారును కలరు. అది పొరపాటున ఊపిరితిత్తులలోనికి దిగినచో నిమోనియా పుట్టును. "నొప్పి ఉన్నచోటనే బిళ్ళ పెట్టాలి" అను మాట వినుటకు సహేతుకముగ నుండును గాని, అదియు పొరపాటే. మా బంధువులలో నొకామె ఆస్పిరిన్ బిళ్ళను రాత్రియంతయు బుగ్గలో దాచుకొనగా, తెల్లవాఱునప్పటికి ఆ చోట చిగురు ఉడికినట్లు తెల్లబడి, పొరగా ఊడివచ్చినది. పంటిపోటు పోలేదు సరికదా, దానికి పుండొకటి తోడైనది. ఆస్పిరిన్ ఒక ఆమ్లము. అది తాకినచోట పనిచేయునది కాదు. కడుపునుండి రక్తములో చేరి, నొప్పిని వాపును ప్రేరేపించు ప్రోస్టాగ్లాండినులను పదార్థముల పుట్టుకను అడ్డుకొనును. ఈ మర్మమును జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు 1971లో వెల్లడించెను, 1982లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకడయ్యెను. బిళ్ళ మ్రింగవలసినది, పెట్టవలసినది కాదు.

లవంగమును మాత్రము నేను త్రోసిపుచ్చను. అందులోని యూజినాల్ నిజముగనే నరమును మొద్దుబాఱించును. దానిని జింకు ఆక్సైడుతో కలిపి దంతవైద్యులు తాత్కాలికముగ పంటిగుంటను పూడ్చుట చిరకాలముగ వాడుకలో నున్నది. కాని లవంగము వేఱు, లవంగతైలము వేఱు. నూనెను చిగుళ్ళకు దట్టముగ పూసినచో కాలును. చిన్న దూదియుండపై ఒకటి రెండు చుక్కలు వేసి, ఒత్తి, అధికమైన నూనె తుడిచి, పిప్పిగుంటలో మాత్రమే కొంతసేపు ఉంచి తీసివేయవలెను. పసిపిల్లలకు ఈ నూనె వాడరాదు. సీసా వారి చేతికి అందరాదు. కొద్దిపాటి లవంగతైలమును మ్రింగిన పసివారికి మూర్ఛలు వచ్చి, కాలేయము చెడి, ప్రాణాపాయము కలిగిన ఉదంతములు వైద్యగ్రంథములలో కలవు.

పొగాకు నమిలినచో పోటు చచ్చుననుట మఱియొకటి. నొప్పికని దవడన పెట్టిన పొగాకు, నొప్పి పోయిన పిమ్మటను ఆ దవడను విడువదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరపల్లెలలో చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీల అంగిళ్ళను ఎఱిగిన వైద్యులకు ఆ ఆకు ఏమి చేయగలదో చెప్పనక్కఱలేదు. పండ్లపొడులలోను, పేస్టులలోను పొగాకు కలుపుటను ప్రభుత్వము 1992లోనే నిషేధించినది. దీనికిమాఱు ఉప్పునీటి పుక్కిలింత ఎంతయో మేలు: గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు. అది చీమును పోగొట్టదు గాని, పండ్లసందున చిక్కి చిగురును పొడుచు తునకను కడిగివేయును. ఒక్కొక్కప్పుడు మాంసపుపీచో, జామగింజయో చిక్కుటయే ఆ రాత్రి బాధకంతకు మూలమై యుండును. దారముతో మెల్లగా తీయవచ్చును, పిన్నీసుతో కెలకరాదు.

ఇక బిళ్ళలు. సాధారణ ఆరోగ్యముగల పెద్దవారికి పంటిపోటునందు ఐబూప్రొఫెన్, పారాసిటమాల్ రెండును కలిసి చేయు ఉపశమనము చాల గొప్పది. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి గాని రెండు గాని వేసికొని, మఱల వేసికొనుటకు ఆఱు గంటలైన ఆగుట మేలు. దినమునకు మొత్తము 4 గ్రాములు ఎంతమాత్రమును దాటరాదు. మద్యపానము అలవాటైనవారికిని, కాలేయవ్యాధి గలవారికిని ఆ హద్దు ఇంకను తక్కువ, వైద్యునడిగియే వాడవలెను. ఐబూప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు ఏదైన తిన్న పిమ్మటనే. వైద్యుని మాట లేక దినమునకు 1200 మిల్లీగ్రాములు మించరాదు. కడుపులో పుండున్నవారు, మూత్రపిండముల జబ్బు గలవారు, గర్భిణులు, రక్తము పలుచబడుటకు మందు వాడువారు, డెంగీ అనుమానమున్నవారు, ఇట్టి బిళ్ళలతో ఉబ్బసము రేగువారు దానిజోలికి పోరాదు. రెండు మందులును ఒకే బిళ్ళగా అమ్ముదురు. జలుబుబిళ్ళలలోను పారాసిటమాల్ ఉండును. ఈ సంగతి ఎఱుగక పైపైని మ్రింగుట చేతనే కొలత తప్పుచుండును. పిల్లలకు బరువునుబట్టి మోతాదు నిర్ణయించునది వైద్యుడే. పదునాఱేండ్లలోపువారికి ఆస్పిరిన్ ఈయనే కూడదు.

బుగ్గ వాచినప్పుడు ఇసుకమూటయో ఉప్పుమూటయో కాచి కాపడము పెట్టుట మన ఇండ్లలో తరతరముల వాడుక. కండరము పట్టినప్పుడు హితమైన ఆ వేడి, లోపల చీము పట్టినప్పుడు హితము కాదు. వేడికి రక్తనాళములు విప్పారి వాపు హెచ్చును. చీము వెలుపలి చర్మమువైపునకు దారి తీయవచ్చును. మంచుగడ్డను గుడ్డలో చుట్టి, బుగ్గకు వెలుపల, పదియేను నిమిషములుంచి తీసి, కొంత ఆగి మఱల ఉంచుట క్షేమము.

ఇప్పుడు చెప్పబోవు అపోహయే తక్కినవాటి కన్నిటికి తల్లి. "నొప్పిగా ఉన్నప్పుడు పన్ను ముట్టుకోకూడదు, ముందు మందు వాడి నొప్పి తగ్గాక వెళ్ళు" అందురు. ఇందులో ఒక చిన్న సత్యము కలదు: చీము పట్టినచోట కణజాలము ఆమ్లపూరితమగుటచే మొద్దుబాఱు సూదిమందు అచ్చట సరిగా పనిచేయదు. కాని ఆ చోటికి దూరముగ, మూలనరముదగ్గఱనే సూది వేయు పద్ధతి దంతవైద్యులకు నిత్యకృత్యము. పోటు తీవ్రముగ నున్నపుడే పంటిని తెఱచి గుజ్జును తీయుటయు, గడ్డను కోసి చీము వెడలించుటయు ఆ నొప్పికి నిజమైన వైద్యము. జనులు చేయునదేమి? మందులకొట్టునకు పోయి, "పంటినొప్పికి రెండు యాంటీబయాటిక్కులు ఇవ్వండి" అని మూడు దినములకు సరిపడ కొనితెచ్చుకొందురు. గుజ్జు వాపునకు యాంటీబయాటిక్కు పనికిరాదని అమెరికా దంతవైద్యసంఘము 2019లో వెలువరించిన మార్గదర్శకములు స్పష్టముగ చెప్పుచున్నవి. జ్వరమును, వ్యాపించు వాపును ఉన్నపుడు మాత్రమే, అదియు పంటికి చేయు చికిత్సకు తోడుగనే, దాని అవసరము. మందు రక్తముద్వారా ప్రయాణించును. చచ్చిన గుజ్జులో రక్తప్రసారమే లేదు. చేరలేని చోటికి మందును పంపి, చేరగల చోట్ల నున్న సూక్ష్మజీవులకు ఆ మందును ఓర్చుకొను విద్య నేర్పుచున్నాము.

మూడు దినములలో నొప్పి నిజముగనే పోవచ్చును. రోగి మందును మెచ్చుకొని దంతవైద్యుని మఱచును. కాని మొదట చల్లనినీరు తగిలినప్పుడు క్షణకాలము జివ్వుమనిన పన్ను, పిదప వేడికాఫీ తగిలి గంటలకొలది సలిపిన పన్ను, ఒకనాడు హఠాత్తుగ మౌనము వహించినచో, అది కుదుటబడుట కాదు, గుజ్జు చనిపోవుట. పిమ్మట వేరుకొనయందు ఎముకలో చీము చేరుచుండును. కొన్నివారములకో, నెలలకో బుగ్గ ఉబ్బి, ఆ పన్నుతో కొఱుకలేని స్థితి వచ్చును. నరము బ్రదికియున్న పంటిని చిన్న పూడికతో నిలుపుకొనదగిన అదను ఈ మౌనమునకు ముందే చేజాఱిపోవుటను ఎందఱి విషయముననో చూచితిని; ఇంతకంటె నన్ను బాధించునది వేఱొకటి లేదు.

"పైపన్ను తీయిస్తే కన్ను పోతుంది" అను భయము మన తెలుగునాట ఎంతటి చదువరినైనను విడువదు. చూపునకు సంబంధించినది తలలోని రెండవ నరము. పండ్లకు సంబంధించినది అయిదవ నరము. పన్ను తీయుటచే చూపు పోవుటకు దారియే లేదు. ఐనను ఈ భయమును తలక్రిందులు చేసి చూచినచో ఒక వాస్తవము కనబడును: పైదవడ పంటిలో చీమును తీయించక ఉపేక్షించినచో, అది కంటిగుంటకును, మెదడు అడుగునగల సిరలకును వ్యాపింపవచ్చును. గర్భిణులు వైద్యము చేయించుకొనరాదనుటయు ఇట్టిదే. నాలుగవ నెలనుండి ఆఱవ నెలవఱకు సుకరమైన కాలము, అత్యవసరమైనచో ఏ నెలయైనను ఆగనక్కఱలేదు. గర్భవతి అని వైద్యునికి ముందుగ చెప్పిన చాలును.

తెల్లవాఱువఱకు వేచియుండరాని సందర్భములు కొన్ని కలవు. దవడక్రింద, గొంతువైపు వాపు గట్టిపడి దిగుచున్నను, నాలుక పైకి లేచి మాట ముద్దగా వచ్చుచున్నను, ఉమ్మి మ్రింగలేక కాఱుచున్నను, నోరు తెఱువలేకపోవుచున్నను, ఊపిరికి కష్టమైనను, కన్ను మూసుకొనిపోవునంత వాచినను, అది పంటినొప్పి అని కూర్చుండక 108కి ఫోనుచేసి పెద్దాసుపత్రికి పోవలెను. గొంతు మూసికొనిపోవు ఈ వాపును 1836లో లుడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించెను; నేటికిని అది ప్రాణాంతకమే. మఱియొకటి: నడచినప్పుడో మెట్లెక్కినప్పుడో క్రిందిదవడలో నొప్పి పుట్టి, చెమటపట్టి, ఎదబరువెక్కి, కూర్చుండగనే తగ్గినచో, అది పంటినొప్పి కాకపోవచ్చును, గుండెనొప్పి. ఆ వేళ లవంగము వెదకరాదు.

దంతవైద్యుని కుర్చీయన్న భయము చాలమందిని ఆపును. దానికి నేనొక చరిత్రను గుర్తు చేయుదును. శస్త్రచికిత్సలో మత్తుమందును లోకమున కందించినవారిలో ముందువరుసన నిలిచినది దంతవైద్యులే: 1844లో హొరేస్ వెల్స్ నవ్వువాయువుతో తన పన్ను తానే తీయించుకొని చూచెను, 1846 అక్టోబరు 16న బోస్టనులో విలియం మోర్టన్ ఈథరును పదిమందియెదుట ప్రయోగించెను. నేడు వాడు లిడొకెయిన్‌ను స్వీడనులో లోఫ్‌గ్రెన్ 1943లో సృష్టించెను. పంటిపోటును మాన్పబోయి మనుష్యజాతి నొప్పినే జయింప నేర్చినది. రూట్ కెనాల్ బాధాకరమను ఖ్యాతి, ఆ చికిత్సకు ముందుండు పోటునుండి పుట్టినదే.

ఉదయమున పోవునపుడు పరగడుపున పోవలసిన పనిలేదు. మొద్దుబాఱు సూదికి ఉపవాసమక్కఱలేదు, తేలికగ తిని పోవుటయే మంచిది. మధుమేహము గలవారికిది మఱియు ముఖ్యము. రాత్రి వేసికొన్న బిళ్ళల పట్టీలు వెంట తీసికొనిపోయి, ఎన్ని వేసికొన్నది, ఎప్పుడు వేసికొన్నది చెప్పవలెను. గుండెజబ్బునకు వాడు మందును స్వయముగ మానరాదు.

మా అమ్మమ్మను నేను పట్టణమునకు తీసికొనిపోవుటకు రెండేండ్లు పట్టినది. పన్ను తీసిన తరువాత ఆమె వైద్యునితో, "పురుగేది నాయనా, చూపించవూ?" అన్నది. ఆయన విసుగుకొనక, ఆ పంటిని కడిగి, వెలుతురున పట్టి, నల్లని గుంటను, వేరుకొన నంటియున్న చిన్న చీముతిత్తిని చూపెను. ఆమె చాలసేపు దానిని చూచి, కొంగున ముడివేసికొన్నది. ఆ రాత్రి ఆమె ఒక్క తలగడమీదనే పండుకొని నిద్రపోయినది.